రాత్రికి రాత్రి ఫోన్ యాప్ మారిపోయింది. పాతది వెనక్కి తెచ్చుకునే దారుందా?

ఉండి రొయ్యల రైతు:

అందరికీ నమస్కారమండి. మాది ఉండి దగ్గర పల్లెటూరు. వనామీ రొయ్యల చెరువులు చేస్తుంటాను. వయసు 64. షుగరు వల్ల రెటీనా దెబ్బతిని రెండు కళ్ళకీ లేజర్ చేయించుకున్నాను. ఎడమకన్ను మసక. కళ్ళజోడు పెట్టుకుంటే పేపర్లో హెడ్డింగులు చదువుతాను, కింద వార్త చదవలేను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, "సెట్టింగ్స్ తెరిచి చదువుకోండి, అన్నీ అందులోనే ఉంటాయి" అనేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు.

సంగతేమిటంటే, నా ఫోన్లో కాల్స్ మాట్లాడే యాప్ రాత్రికి రాత్రి మారిపోయింది. నేనేమీ నొక్కలేదు. పడుకునేటప్పుడు ఒకలా ఉంది, లేచేసరికి ఇంకోలా ఉంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీళ్ళు అడక్కుండానే వడ్డించేశారు.

ఇదివరకు ఫోన్ వస్తే తెర అడుగున గుండ్రటి బొమ్మ ఒకటి ఎగురుతూ ఉండేది. బొటనవేలితో పైకి తోస్తే ఎత్తినట్టు, కిందికి తోస్తే కట్ చేసినట్టు. నేను తెర చూసేవాణ్ణే కాదు. చెరువుగట్టు మీద ఎండలో తెర కనిపించదు. రాత్రిపూట కళ్ళజోడు ఉండదు. మేత పనిలో ఉంటే చెయ్యి తడి. అయినా వేలికి దారి తెలుసు. ఇప్పుడా బొమ్మ పోయి అడ్డంగా ఒక పొడుగాటి పట్టీ వచ్చింది. కుడికి జరిపితే ఎత్తడం, ఎడమకి జరిపితే కట్. నేను అలవాటుగా పైకి తోస్తుంటే అది కదలదు. కంగారులో వేలు కాస్త ఎడమకి వాలిందా, అవతలి మనిషి పోయినట్టే.

మొన్న శ్రావణంలో ఒక తెల్లవారుజామున కరెంటు పోయింది. రొయ్యలు చేసేవాళ్ళకి ఆ టైమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పగలు ఆక్సిజన్ ఇచ్చే ప్లాంక్టనే (నీళ్ళలో తేలే సన్న నాచు) రాత్రంతా దాన్ని పీల్చేస్తుంది కాబట్టి తెల్లారే ముందు చెరువులో డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, బాగా అడుగంటి ఉంటుంది. అప్పుడు గానీ నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగాయా, రొయ్య పైకి తేలిపోతుంది. కాపలా మనిషి జనరేటర్ వేద్దామంటే బ్యాటరీ దిగిపోయి స్టార్ట్ అవలేదు. నాకు ఫోన్ చేశాడు. నిద్రలో ఎత్తాననుకున్నాను, అది కట్ అయింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ అంతే. చివరికి బండేసుకుని ఇంటికొచ్చి తలుపు కొట్టాడు. "మీరే కట్ చేసేస్తుంటే కోపంగా ఉన్నారేమోనని కాసేపు ఆగానండి" అన్నాడు పాపం. బ్యాటరీ మార్చి ఏరేటర్లు తిప్పేసరికి ఒక చెరువులో గట్టు వెంబడి చచ్చిన రొయ్య తేలింది. ఎంత పోయిందో ఇక్కడ రాయను, మా ఇంట్లోవాళ్ళు కూడా ఇది చదువుతారు.

ఇంకా ఉన్నాయి. తరచూ చేసే పేర్లు, వచ్చిన కాల్స్ అన్నీ ఒకే పేజీలో కలిపేశారు. ఇదివరకు పైన మా అబ్బాయి ఫొటో, పక్కన మేత డీలర్, ఆ పక్కన కాపలా మనిషి. ఇప్పుడా వరుస లేదు. ఒకరికి చేద్దామంటే ఇంకొకరికి పోతోంది. రాత్రి పదకొండింటికి ఐస్ ఫ్యాక్టరీ ఆయన్ని లేపి తిట్లు తిన్నాను. అక్షరాలు ఫుల్ సైజులో పెట్టుకుంటానేమో, తెలుగు మాటలు సగంలో తెగిపోయి పక్కన మూడు చుక్కలు వస్తున్నాయి. వత్తులైతే కింద నరికేసినట్టే ఉంటాయి. లేత ఆకుపచ్చ మీద తెల్లబొమ్మలు పెట్టారు, నా కంటికి రెండూ ఒకటే.

పాతది మళ్ళీ తెచ్చుకోవచ్చా? తెచ్చుకున్నాక మళ్ళీ దానంతటది మారకుండా ఉంటుందా? మార్చేముందు "మారుస్తున్నాం, మీకు ఇష్టమేనా" అని అడిగే ఏర్పాటు ఎక్కడైనా ఉందా? ఎవరికి చెప్పుకోవాలి? మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. వీడియో కాల్లో చూపిస్తానంటాడు గానీ, నేను చూడాల్సిన తెర నిండా వాడి ముఖమే ఉంటే ఏం చూడను?

రావులపాలెం సెల్ షాపు:

నమస్తే అండి. ఈ యాప్ మారిన కొత్తలో మా షాపులో రోజూ ఇదే గోల. అరటి మార్కెట్లో కమీషన్ వాళ్ళు, ఆటోవాళ్ళు, పెద్దవాళ్ళు, అందరూ "ఫోన్ పాడైపోయింది, వైరస్ వచ్చింది" అంటూ వచ్చారు. ఒకాయనైతే ఎవడో హ్యాక్ చేశాడని భయపడి సిమ్ తీసి చొక్కా జేబులో పెట్టుకొచ్చాడు.

ముందు మీ అర్జంటు పని చూద్దాం. పక్కన చూపు బాగున్నవాళ్ళని ఒకర్ని కూర్చోబెట్టుకోండి. ఫోన్ యాప్ తెరిస్తే పై మూలన మూడు గీతలో మూడు చుక్కలో ఉంటాయి, అందులో సెట్టింగ్స్. అక్కడ ఇన్‌కమింగ్ కాల్ జెశ్చర్ అని ఉందేమో చూడమనండి. ఉంటే రెండు రకాలు చూపిస్తుంది, అడ్డంగా జరపడం ఒకటి, ఒక్కసారి నొక్కడం ఒకటి. రెండోది పెట్టుకోండి. అప్పుడు ఎత్తే బటన్ వేరే, కట్ చేసే బటన్ వేరే వస్తాయి, జరిపే పని ఉండదు. మీకు అలవాటైన పైకి తోసే పద్ధతి మాత్రం ఆ రెండింటిలో లేదు.

పాతదే కావాలంటే మెయిన్ సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఫోన్, అక్కడ పైన మూడు చుక్కలు నొక్కితే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ అని వస్తుంది. అది కొడితే ఫోన్ కొన్నప్పటి వెర్షన్ తిరిగొస్తుంది. మీ నంబర్లు ఎక్కడికీ పోవు. తరవాత ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీకి వెళ్ళి, మూడు చుక్కలు నొక్కి, ఆటో అప్‌డేట్ దగ్గర టిక్ తీసెయ్యాలి. మర్చిపోతే వైఫై దొరగ్గానే మళ్ళీ ఎక్కి కూర్చుంటుంది.

ఒక మాట, కోప్పడకండి. ఈ దెబ్బతో కొందరు మొత్తం ఫోన్‌కే అప్‌డేట్లు ఆపేయమని నా చుట్టూ తిరుగుతున్నారు. నేను ఆపను. బ్యాంకు యాప్, యూపీఐ యాప్ మరీ పాతబడితే పనిచేయడం మానేస్తాయి. సెక్యూరిటీ ప్యాచ్‌లు వచ్చేదే దొంగల్ని ఆపడానికి. బొమ్మలు నచ్చలేదని తాళం తీసి పడేస్తామా? ఈ ఒక్క యాప్‌కి ఆపుకోండి చాలు.

అసలు చెరువు విషయంలో టచ్ ఫోన్‌ని నమ్ముకోవద్దండి. బటన్ ఫోన్ ఒకటి తీసుకుని ఆ నంబరు కాపలా మనిషికివ్వండి. కరెంటు పోతే దానంతటదే కాల్ చేసే స్టార్టర్ డబ్బా ఉంటే దానిలోనూ ఆ నంబరే ఎక్కించండి. తలగడ పక్కన పెట్టుకోండి. దాని పచ్చబటన్‌ని ఎవరూ మార్చలేరు.

కోనసీమ కుర్రోడు:

అంకుల్, నాకైతే కొత్తదే బాగుందండి ఆయ్. పాతది జేబులోంచి తీస్తుంటేనే వేలు తగిలి కాల్ ఎత్తేసేది, లేకపోతే కట్ చేసేసేది. అది ఆపడానికే అడ్డంగా పెట్టారని విన్నాను. ఓ పది రోజులు వాడండి, అలవాటైపోతుంది. మా నాయనమ్మకే అలవాటైపోయింది.

ఉండి రొయ్యల రైతు:

బాబూ, నీ మాటలో నిజముంది. జేబు సంగతి నాకూ జరిగేది. మార్చొద్దని నేను అనలేదు. కానీ నువ్వు ఆ పది రోజులూ తెర చూస్తూ అలవాటు చేసుకుంటావు. నేను దేన్ని చూసి అలవాటు చేసుకోను? నా వేలు తప్పు దారి పట్టిందని నాకు తెలిసేది అవతలివాళ్ళు మళ్ళీ చేసి "ఎందుకు కట్ చేశారు" అని అడిగినప్పుడే. ఈలోగా ఆ పది రోజుల్లో ఏది ముఖ్యమైన కాలో, ఏది లోన్ ఇస్తామనే కాలో ముందే తెలియదు కదా. మీ నాయనమ్మగారిని ఒకసారి అడుగు, నిజంగా అలవాటైందో, లేక ఫోన్ మోగగానే నీ చేతికిచ్చి "ఎత్తరా" అంటున్నారో.

కోనసీమ కుర్రోడు:

అడిగానండి. రెండోదేనంట.

లంక మాస్టారు:

నేను పుట్టుకతో చూపు లేనివాణ్ణి. పి.గన్నవరం వైపు ప్రభుత్వ బడిలో సోషల్ చెబుతాను. పై పోస్టులన్నీ టాక్‌బ్యాక్ (తెర మీదున్నది పైకి చదివి వినిపించే ఏర్పాటు) చదివితే విన్నాను. ఇది మైకులో చెప్పి రాయిస్తున్నాను, ఎక్కడైనా పదం తప్పు పడితే సర్దుకోండి.

రైతుగారు "వేలికి దారి తెలుసు" అన్న చోట టాక్‌బ్యాక్‌ని ఆపి మళ్ళీ చదివించుకున్నాను. మేం ఫోన్ వాడేది పూర్తిగా అలాగే. టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉంటే వేలు కుడికి విసిరిన ప్రతిసారీ తెర మీద తర్వాతి వస్తువు దగ్గరికి వెళ్ళి దాని పేరు చదువుతుంది. కాబట్టి యాప్ అంటే నాకు ఒక వరుస. ఫలానా బటన్ మూడో విసురు, ఫలానాది ఐదో విసురు. కీప్యాడ్‌ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చారంటే చూపున్నవాళ్ళు ఒక్క క్షణం వెతుక్కుంటారు. నాకు వరుస మొత్తం మొదటినుంచీ మళ్ళీ కంఠస్థం చేసుకునే పని. అది కూడా ప్రతి బటన్‌కీ పేరు పెట్టి ఉంటేనే. కొత్త బొమ్మలు గీసే హడావుడిలో పేరు పెట్టడం మర్చిపోతే ఫోన్ "లేబుల్ లేని బటన్" అంటుంది. పక్కదానికి వెళ్తే అదీ "లేబుల్ లేని బటన్". డబ్బులు పంపే యాప్‌లో ఇలా రెండు పక్కపక్కన ఉంటే నేను ఫోన్ పక్కన పెట్టి ఎవరైనా వచ్చేదాకా కూర్చుంటాను. పిన్ను ఎవరికీ చెప్పొద్దంటారు, సాయం లేకుండా నొక్కనివ్వరు.

రైతుగారికి పనికొచ్చే సంగతి ఒకటి. టాక్‌బ్యాక్ ఉన్నప్పుడు రెండు వేళ్ళతో తెర మీద ఎక్కడైనా సరే రెండుసార్లు తడితే కాల్ ఎత్తుతుంది, మళ్ళీ అలాగే తడితే పెట్టేస్తుంది. బటన్ ఎక్కడుందో తెలియక్కర్లేదు. ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్‌కీ ఇదే పద్ధతి. ఈ మార్పులో నాకు మిగతావన్నీ తారుమారైనా కాల్ ఎత్తడం మాత్రం చెక్కుచెదరలేదు, ఇందుకే. అలాగని మీలా కొంత చూపున్నవారిని టాక్‌బ్యాక్ పెట్టుకోమని నేను అనను. ఫోన్ వాడే తీరే మారిపోతుంది, ఒక నొక్కు నొక్కాల్సిన ప్రతిచోటా రెండు నొక్కాలి. మీకు సెలెక్ట్ టు స్పీక్ సరిపోతుంది. కావలసిన చోట వేలు పెడితే అంతవరకే చదువుతుంది. మాగ్నిఫికేషన్ అని తెరను పెద్దగా చేసి చూపించేది కూడా ఉంది. రెండూ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉంటాయి.

ఎవరికి చెప్పుకోవాలని అడిగారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్, రోజూ వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడగలిగే డిజైన్‌లో దొరికేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలంటుంది. ఐఎస్ 17802 అని దీనికి మన దేశపు ప్రమాణం ఉంది, మొదటి భాగం 2021లో, రెండో భాగం 2022లో వచ్చాయి. అందుబాటు నియమాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి నియమాలు చేయమని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు. కళ్ళు ఆర్పి చూపించమనే కేవైసీ మీద యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు వేసిన కేసులవి. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. ఆ వార్త విన్న రోజు స్టాఫ్ రూములో అందరికీ టీ ఇప్పించాను.

అయితే ఈ తీర్పు పట్టుకుని రేపే ఎవరినో నిలదీయొచ్చని అనుకోవద్దు. దివ్యాంగుల కమిషనర్ కార్యాలయాలు ఢిల్లీలోనూ, రాష్ట్రంలోనూ ఉన్నాయి, ఫిర్యాదు పంపొచ్చు. దానికి టైం పడుతుంది. ఈలోగా యాప్‌లోనే ఉండే ఫీడ్‌బ్యాక్‌లో రాయండి. "దరిద్రంగా ఉంది, పాతది ఇవ్వండి" అని రాస్తే పక్కన పడేస్తారు. ఏ తెర, ఏ బటన్, మీరేం చేశారు, ఏం జరిగింది, అక్షరాల సైజు ఎంత, ఏ మోడల్ ఫోన్, ఇవన్నీ ఉంటే బాగుచేసేవాడికి పని దొరుకుతుంది.

నరసాపురం అల్లిక:

మా అత్తగారు లేసు అల్లుతారు. కళ్ళు ఆనకపోయినా వేళ్ళు ఆగవు. ఆవిడకి ఫోన్లో కావాల్సింది ఒక్కటే, గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టడం. మైకు బటన్ కనబడదని స్క్రీన్ గార్డ్ మీద ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టాను. బ్రహ్మాండంగా నడిచింది. ఓ పొద్దున్న ఆ యాప్ వాళ్ళు కింద వరుసలో ఇంకో బొమ్మ ఏదో ఇరికించి మైకుని పక్కకి నెట్టేశారు. చుక్క అక్కడే ఉంది, మైకు లేదు. పాపం ఆవిడ ఆ చుక్క మీద వేలు పెట్టి డిజైన్ కొలతలన్నీ చెప్పుకుంటూ పోయారు, ఒక్క ముక్కా ఎవరికీ చేరలేదు. ఇప్పుడు గార్డ్ మార్చి కొత్త చుక్క పెట్టాను. మళ్ళీ మారిస్తే మళ్ళీ గార్డ్ ఖర్చు.

పాలకొల్లు అమ్మాయి:

మాది పాలకొల్లు. హైదరాబాద్‌లో యాప్‌లు డిజైన్ చేసే పనిలో ఉన్నాను. ఈ యాప్ మా కంపెనీది కాదు, ముందే చెప్పేస్తున్నా.

చాలామంది "నేను అప్‌డేట్ చేయలేదు, మరెలా మారింది" అంటున్నారు కదండీ. కొత్త రూపం తాలూకు కోడ్ ముందెప్పుడో వచ్చిన అప్‌డేట్‌లోనే ఫోన్లోకి వచ్చి నిద్రపోతూ ఉంటుంది. కంపెనీ తమ సర్వర్ నుంచి స్విచ్ వేసినప్పుడు మేలుకుంటుంది. ఆ స్విచ్ అందరికీ ఒకేసారి వెయ్యరు, ముందు కొద్దిమందికి, అంతా బాగుంటే ఇంకొంతమందికి. అందుకే మీకు మారినా బెంగళూరులో మీ అబ్బాయిగారికి మారకపోవచ్చు, ఆయన ఫోన్ చూసి "అలా ఏం లేదే నాన్నా" అనొచ్చు. షాపు ఆయన చెప్పినట్టు అప్‌డేట్లు తీసేస్తే కోడే పోతుంది కాబట్టి స్విచ్ వేసినా ఏమీ అవదు. ఆటో అప్‌డేట్ ఆగి ఉన్నంతవరకు నిలుస్తుంది.

స్విచ్ పద్ధతి చెడ్డదేం కాదు, ఏదైనా తేడా వస్తే వెంటనే ఆపేయొచ్చు. నా అభ్యంతరమల్లా దాన్ని దేనికి వాడుతున్నాం అన్నదే. రంగు మార్చండి, మూలలు గుండ్రంగా చెయ్యండి, స్విచ్ వేసుకోండి. కాల్ ఎత్తడం, కట్ చేయడం లాంటివి చూడకుండా చేసే పనులు. వాటిని నిద్రలో మార్చకూడదు. మా ఆఫీసులో ఇదే వాదన పెడితే "డేటా ప్రకారం ఎక్కువమంది రెండో వారానికి సర్దుకుంటున్నారు" అంటారు. సర్దుకోలేక ఫోన్ పక్కింటివాళ్ళకిచ్చి ఎత్తించుకునేవాళ్ళు ఆ డేటాలో సర్దుకున్నవాళ్ళలాగే కనిపిస్తారు. కోనసీమ తమ్ముడి నాయనమ్మగారు కూడా అంతే.

టెస్టులు చెయ్యరా అంటే చేస్తారు. 2025లో పెద్ద కంపెనీలన్నీ రూపం మార్చే పనిలోనే పడ్డాయి. మేలో గూగుల్ కొత్త డిజైన్ పద్ధతి ప్రకటించింది, జూన్‌లో ఆపిల్ లిక్విడ్ గ్లాస్ అంటూ అద్దంలాంటి తెరలు ప్రకటించింది. ఊరికే గీసి వదలరు, జనాన్ని కూర్చోబెట్టి చూస్తారు. కానీ నేను కూర్చున్న టెస్టుల్లో అయితే ఏసీ గది, పొడి చేతులు, తెర వైపే చూస్తూ పని చేసే మనుషులు. మేత చేతులతో గట్టు మీద నిలబడ్డవాళ్ళని ఎవరూ పిలవరు.

లేత ఆకుపచ్చ మీద తెలుపు గురించి. దీనికి కొలత ఉంది. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల్లో మామూలు అక్షరాలకి, వెనక రంగుకి మధ్య వెలుగులో కనీసం 4.5:1 తేడా ఉండాలి, పెద్ద అక్షరాలకీ బొమ్మలకీ 3:1. మీరు చెప్పే లేత ఆకుపచ్చ, తెలుపు కలిస్తే సాధారణంగా 2 కూడా దాటదు. బటన్ సైజుకీ లెక్క ఉంది, ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు 48 డీపీ అంటాయి, అంటే వేలికి సుమారు 9 మిల్లీమీటర్ల చోటు. ఇవి మాకు తెలియనివి కావు. "బ్రాండ్ రంగు అది, ముదురు చేస్తే బాగోదు" అన్న మాట మీటింగులో నెగ్గుతుంది, అంతే.

వత్తులు తెగిపోవడం నాకు మరీ మంట. ఇంగ్లీషు అక్షరాల ఎత్తు చూసి గీత గీసి డబ్బా చేస్తారు. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. 'రాష్ట్రం' అని రాస్తే ఆ డబ్బాలో పట్టదు. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలు 200 శాతం దాకా పెంచుకోవచ్చు. అంత పెంచినప్పుడు డబ్బా కూడా సాగాలి, సాగేలా రాయకపోతే కిందిది కోసేస్తుంది. తెలుగులో, ఫుల్ సైజులో పెట్టి చూసే మనిషి టీములో ఒక్కరున్నా మొదటి రోజే దొరికిపోయే తప్పిది. మీరు ఫీడ్‌బ్యాక్ పంపితే ఆ తెర స్క్రీన్‌షాట్ తప్పకుండా పెట్టండి. మాటల కంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

ఈలోగా యాక్సెసిబిలిటీలో బోల్డ్ టెక్స్ట్, హై కాంట్రాస్ట్ టెక్స్ట్ ఆన్ చేయించుకోండి. అక్షరాలు మరీ తెగిపోతుంటే ఫాంట్ సైజు ఒక మెట్టు తగ్గించి, డిస్‌ప్లే సైజు ఒక మెట్టు పెంచి చూడండి. కొన్ని తెరల్లో వత్తులు తిరిగొస్తాయి.

చెబితే వింటారా అంటే, విన్న సందర్భాలున్నాయి. 2012లో విండోస్ 8లో స్టార్ట్ బటన్ తీసేస్తే ప్రపంచమంతా గోల చేసింది, 2013లో 8.1లో మళ్ళీ పెట్టారు. 2019లో ఆండ్రాయిడ్ 10తో బటన్లు లేకుండా పూర్తిగా వేలు విసిరి నడిపే పద్ధతి వచ్చింది, అయినా కింద మూడు బటన్లు కావాలనేవాళ్ళకి ఇప్పటికీ సెట్టింగ్స్‌లో ఆ దారి ఉంది. ఆ లిక్విడ్ గ్లాస్ మీద కూడా అక్షరాలు కనబడట్లేదని గొడవ చేస్తే ఐఫోన్ల ఐఓఎస్ 26.1లో కాస్త మందంగా చేసుకునే ఆప్షన్ ఇచ్చారు. అడిగే ఏర్పాటు ఉందా అన్నారు కదా, అలాంటిది మాత్రం లేదండి. మార్చాక తిరిగి తెచ్చుకునే దారి ఒక్కోసారి ఇస్తారు, మార్చేముందు అడగరు.

ఉండి రొయ్యల రైతు:

అందరికీ దండాలండి. మేత డీలర్ దగ్గర గుమాస్తా కుర్రాడిని కూర్చోబెట్టుకుని ఇవన్నీ చేయించాను. అప్‌డేట్లు తీసేస్తే నా గుండ్రటి బొమ్మ తిరిగొచ్చింది. పేర్ల వరుస కూడా పాతలాగే ఉంది. ఆటో అప్‌డేట్ టిక్ తీయించాను. బోల్డ్ పెట్టాక లిస్టులో పేర్లు కొంచెం నయం. వత్తులు కొన్ని వచ్చాయి, కొన్ని ఇంకా కింద మునిగే ఉన్నాయి.

బటన్ ఫోన్ కూడా కొన్నాను. కాపలా మనిషికి, స్టార్టర్ డబ్బాకి ఆ నంబరే. ఇంకెవరికీ ఇవ్వలేదు, అది మోగిందంటే చెరువే. మొదటి రాత్రే మోగింది. కంగారుగా ఎత్తితే కరెంటు వచ్చిందని డబ్బా చేసిన కాల్.

కమిషనర్ గారికి తరవాత రాస్తాను. ముందు మాస్టారు చెప్పినట్టు మైకులో చెప్పి ఫీడ్‌బ్యాక్ తయారు చేశాను, చూడండి: "కాల్ వచ్చినప్పుడు ఎత్తే పద్ధతి పైకి తోయడం నుంచి పక్కకి జరపడానికి మార్చారు. నాకు చూపు తక్కువ. పైకి తోస్తే ఏమీ అవట్లేదు, వేలు ఎడమకి పోతే కాల్ కట్ అవుతోంది. పాత పద్ధతిని కూడా సెట్టింగ్స్‌లో ఉంచండి. ఇలాంటివి మార్చేముందు ఫోన్ నోటితో చెప్పాలి, నేను సరే అన్నాకే మారాలి. తెలుగు పెద్ద అక్షరాల్లో వత్తులు తెగిపోతున్నాయి, స్క్రీన్‌షాట్ పెట్టాను."

రావులపాలెం సెల్ షాపు:

బాగుందండి. ఆ జనరేటర్ బ్యాటరీ కూడా ఒకసారి చూపించుకోండి, అది మా లైన్ కాదనుకోండి.

లంక మాస్టారు:

రైతుగారూ, చక్కగా చెప్పారు. మోడల్ నంబరు, అక్షరాల సైజు చేర్చి పంపండి. అవి లేకపోతే "మా దగ్గర అలా రావట్లేదు" అని మూసేస్తారు.

ఉండి రొయ్యల రైతు:

మోడల్ నంబరు ఫోన్ వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉందటండి. పక్కింటి పాప బడి నుంచి వచ్చాక చదివించుకుని పంపుతాను.